కదలని ఎలుకలు

ముందే చెప్పేయడం మంచిది: ఎలుకలక్కకి ఎలుకలంటే ప్రేమ లేదు. పరిశోధనాశాల వాళ్ళు ఒక ఏడాది వార్షిక సంచికలో ఆవిడ ఫొటో వేసి, కింద ‘మూగజీవాల తల్లి’ అని అచ్చేశారు. ఆవిడ ఆ పేజీ చింపి, నాలుగు మడతలు పెట్టి, ఊగుతున్న ర్యాకు కాలి కింద దోపింది. ర్యాకు ఊగడం మానేసింది. ఆ వ్యాసం వల్ల లోకానికి జరిగిన మేలు అంతే. రోజూ మూడువందల ఎలుకలకి నీళ్ళూ మేతా పెట్టి, పొట్టు మార్చి, చచ్చినవాటిని సంచిలో కట్టి ఎర్రమూత డబ్బాలో పడేసే మనిషి తనని తాను తల్లి అనుకోవడం మొదలుపెడితే నెల తిరక్కుండా మంచం పడుతుంది.

ప్రేమ లేదు గాని గర్వం ఉంది. ఇరవై ఆరేళ్ళ సర్వీసులో ఒక్క ఎలుకా ఆవిణ్ణి కరవలేదు. ఎలుకల విభాగంలో తలుపు పక్కన మేకుకి ఒక పుస్తకం వేలాడుతూ ఉంటుంది, కాట్ల పుస్తకం. ఏ రోజున, ఏ గదిలో, ఎవర్ని, ఏ వేలి మీద ఎలుక కరిచిందో అందులో రాసి ఇంజెక్షన్‌కి వెళ్ళాలి. ఆవిడ కళ్ళముందే అలాంటి పుస్తకాలు తొమ్మిది నిండాయి. ఒక్కదాంట్లోనూ ఆవిడ పేరు లేదు.

కొత్తగా చేరినవాళ్ళకి ఆవిడే పని నేర్పేది. బోను మూత తీసి, చెయ్యి లోపల పెట్టి, తల తిప్పి వాళ్ళని చూసేది.

“చూశారా? నా చెయ్యి లోపలికి వెళ్ళిందా, ఇవి బొమ్మల్లా కూచున్నాయా. ఉలుకూ పలుకూ లేదు. మాలిమి అంటే ఇదీ. పుస్తకాల్లో రాదు.”

అనేసి, తోక మొదట్లో రెండు వేళ్ళతో పట్టి ఒక్క విసురులో ఎలుకని పైకి లేపేది. కళ్ళు చూసి, పొట్ట చూసి, దించేది. ఒక్కోదానికి పది పన్నెండు సెకన్లు. చూసేవాళ్ళకి ముచ్చటేసేది, నిజం.

ఆవిడది ఆడ ఎలుకల గది. వాసన తగిలితే గోల చేస్తాయని మగ ఎలుకల్ని వరండాకి అవతలి గదిలో పెడతారు. ఆ గదిని చూసే ఆయన పేరు డబ్బా. అమ్మానాన్నలు పెట్టిన పేరు కాదు, అక్క పెట్టింది. చేరిన మొదటి వారంలోనే బొటనవేలు కరిపించుకున్న ఆయన, ఆ రోజు నుంచి ఎలుకని చేత్తో ముట్టుకోలేదు. ఒక ప్లాస్టిక్ డబ్బా బోనులో వంచి పెడతాడు. ఎలుక దాని మానాన అది లోపలికి నడిచి వచ్చేదాకా నిలబడతాడు. వచ్చాక డబ్బా ఎత్తుతాడు.

“ఏవయ్యా డబ్బా, పెళ్ళికూతురు పల్లకీ ఎక్కిందా ఇంకా లేదా?” అని అక్క వరండాలోంచి కేకేసేది.

“ఎక్కుతుంది వదినా, ముస్తాబవుతోంది. తొందరపడితే వేలు పోయేది నాది.”

“ఎలుకలకి భయపడే మగాడివి, ఆ కోటు విప్పేసి ఇంటికి పోరాదూ?”

“ఇంట్లో మీ చెల్లెలుంది వదినా. ఎలుకలే నయం.”

ఇలా నడిచిపోతున్న విభాగానికి మూడేళ్ళ కిందట కొత్త సూపర్‌వైజరు వచ్చాడు. వచ్చిన నెలలోనే గోడకి ఒక కాగితం అంటించాడు: ఒక్కో బోనుకి రెండు నిమిషాలు, అంతకు మించకూడదు. డబ్బా ఆ కాగితాన్ని చదివి, దాని మీదే క్యాలెండరు తగిలించాడు. అక్క మాత్రం మాట పడే మనిషి కాదు. రబ్బరు పట్టీ ఉన్న అంకెల గడియారం ఒకటి తెచ్చుకుంది. రెండు నిమిషాలకోసారి అది ‘కుయ్’ మంటుంది. కుయ్‌మనగానే మీట నొక్కుతుంది, తరవాతి బోను మూత తీస్తుంది, తోక పడుతుంది. డెబ్బై అయిదు బోన్లు, రెండున్నర గంటలు, రోజూ. ఎలుకల గదుల్లోకి సెల్‌ఫోన్లు తేకూడదని నిబంధన ఉంది. గడియారం సంగతి అందులో ఎవరూ రాయలేదు.

ఆ మూడేళ్ళలోనే ఈ రెండు గదుల ఎలుకల మీద ఒక అమ్మాయి పిహెచ్‌డీ మొదలుపెట్టింది. కళ్ళజోడు నెత్తి మీద పెట్టుకుని దాని కోసమే గదంతా వెతికే రకం. అందరిలాగే ‘అక్కా’ అనేది. మధ్యాహ్నం అన్నం డబ్బా తెచ్చుకుని సామాన్ల గదిలో అక్క పక్కన కూచునేది, తన పని గురించి చెప్పేది. భయాన్ని ఎవరు ఎలా వదిలించుకుంటారన్నది ఆ అమ్మాయి ప్రశ్న. ఎలుకని ఒక పెట్టెలో పెట్టి ఒక శబ్దం వినిపిస్తారు, వెంటనే కాళ్ళకి చిన్న షాక్ ఇస్తారు. నాలుగైదుసార్లు అయ్యాక ఆ శబ్దం వింటేనే ఎలుకకి భయం. మర్నాటి నుంచి షాక్ ఉండదు, శబ్దం ఒక్కటే, మళ్ళీ మళ్ళీ. ఇక ఏమీ కాదని ఎలుకకి ఎన్ని రోజులకి తెలుస్తుంది?

“అంటే మర్చిపోడం,” అంది అక్క.

“మర్చిపోడం కాదక్కా. పాత పాఠం పోదు. ‘ఇప్పుడేం భయం లేదులే’ అని దాని మీద కొత్త పాఠం రాసుకోవాలి. కొన్ని రాసుకోగలవు, కొన్ని రాసుకోలేవు. ఎందుకనేదే నా గోల.”

రెండు జాతుల ఎలుకలు తీసుకుంది, నల్లవి ఒకటి, గోధుమరంగువి ఒకటి. ఒక్కో జాతిలో ఎలుకలన్నీ ఒకే అచ్చులో పోసినట్టు ఉంటాయి, తరతరాలుగా తోబుట్టువుల్నే జతకట్టించి తయారుచేసినవి. తేడా వస్తే పుట్టుకలో ఉన్నట్టు, లేదా ఆడా మగా కావడంలో ఉన్నట్టు. మూడేళ్ళకి ఫలితం తేలింది: రెండు జాతుల్లోనూ మగవి నాలుగు రోజుల్లో తేరుకున్నాయి. ఆడవి రెండు జాతుల్లోనూ తేరుకోలేదు.

ఆ అమ్మాయి ప్రొఫెసరు ఆగలేకపోయాడు. ఎక్కడో సభలో ఈ మాట అన్నాడు. ఒక పత్రిక దాన్ని పట్టుకుని ‘ఆడది భయాన్ని మరవదు’ అని పెద్దక్షరాల్లో వేసింది. ఎలుక అన్న మాట మూడో పేరాలో ఉంది. ఆ హెడ్డింగు చూసి తలాడించినవాళ్ళకి మూడో పేరాతో పనిలేదు. ఇలాంటి తీర్పులు మనవాళ్ళ దగ్గర ముందే సిద్ధంగా ఉంటాయి, సాక్ష్యం వస్తే సరదాపడతారు, రాకపోతే బెంగపడరు.

అలా తలాడించినవాళ్ళలో అక్క మొగుడు ఒకడు. కుట్టుమిషన్లు బాగుచేస్తాడు, నోరు ఊరుకోదు. పదకొండేళ్ళ కిందట వాళ్ళ అపార్ట్‌మెంటు లిఫ్టు రెండంతస్తుల మధ్య ఆగిపోయి, మొగుడూ పెళ్ళాలు చీకట్లో నలభై నిమిషాలు ఇరుక్కుపోయారు. ఆయన మూడో రోజు నుంచి మళ్ళీ లిఫ్టులోనే తిరుగుతున్నాడు. ఆవిడ ఆ రోజు నుంచి ఈ రోజు దాకా నాలుగంతస్తులూ మెట్లే.

“ఆ పిల్లని మనింటికి రమ్మను. ఎలుకలెందుకు, నిన్ను పెట్టెలో పెట్టి చూసుకుంటే సరిపోయేదిగా,” అన్నాడు పేపరు ఊపుతూ.

“మీరూ పక్కనే ఉంటే తేడా తెలుస్తుంది వాళ్ళకి. బుర్ర ఉన్నదీ లేనిదీ.”

నెలాఖరుకి థీసిస్ ఇచ్చెయ్యాలి. చివరగా మిగిలిన కొన్ని ఎలుకల్ని ఇద్దరు మనుషులు విడివిడిగా చూసి లెక్క రాయాలి. రెండో మనిషికి జ్వరం. ఆ శుక్రవారం పొద్దున్న అమ్మాయి పరుగెత్తుకుంటూ సామాన్ల గదికి వచ్చింది.

“అక్కా, గంట సేపు నాకు అప్పివ్వు. ఏది ఆడదో ఏది మగదో తెలియని మనిషి కావాలి.”

“ఏం తల్లీ, నాకు తెలీకపోడమేవిటి?”

“తెర మీద పైనించి కనిపిస్తుందిలే, నీకూ తెలీదు. రా.”

ఇరవై ఆరేళ్ళలో అక్క పరీక్ష గదిలోకి అడుగుపెట్టడం అదే మొదలు. ఎలుకల్ని పెంచేవాళ్ళ పని తలుపు దాకానే. బోను అందిస్తారు, బోను తీసుకుంటారు. లోపల మంచం పట్టేంత చోటు, గోడలకి నల్లటి స్పాంజి, ఒక తెర. అమ్మాయి ఆవిడ చేతికి ఒక మీట ఇచ్చింది.

“ఎలుక కదలకుండా బిగుసుకుపోయినంతసేపూ నొక్కి పట్టుకో. కదలగానే వదిలెయ్. అంతే.”

“బిగుసుకోడమంటే?”

“ఊపిరి తప్ప ఇంకేదీ కదలకపోతే. అదే భయమక్కా, మేం కొలిచేది అదే.”

అక్క నవ్వింది. “ఓసి నీ చదువు! కదలకపోతే భయమా? హాయిగా కూచునుండచ్చుగా.”

“హాయిగా ఉన్న ఎలుక ఒకచోట కూచోదక్కా. వాసన చూస్తుంది, తవ్వుతుంది, మూతి తుడుచుకుంటుంది, అటూఇటూ తిరుగుతుంది. భయపడితేనే అలా బొమ్మలా అయిపోతుంది.”

బొమ్మలా. అక్క నవ్వు మొహం మీదే ఉండిపోయింది, తీసేయడం మర్చిపోయినట్టు. డబ్బా గదిలో ఎలుకలు తవ్వుతూ, తిరుగుతూ, ఒకదాన్నొకటి ఎక్కుతూ, నానా అల్లరీ చేస్తుంటాయి. పెంపకం చాతకాక అలా తయారుచేశాడని ఆవిడ నలుగురిలో ఎన్నిసార్లు నవ్విందో.

ఆ ఆలోచన పూర్తికాకముందే స్పీకరులోంచి శబ్దం వచ్చింది.

కుయ్.

అక్క కుడిచెయ్యి మీట వదిలేసి ఎడమ మణికట్టు మీదికి వెళ్ళింది. ఆవిడ చెప్పలేదు, అదే వెళ్ళింది. గడియారం మీట నొక్కింది. గడియారం మోగడం లేదు. టైము పదీ ఇరవై అని చూపిస్తూ నిశ్శబ్దంగా ఉంది. శబ్దం మాత్రం ఇంకా వస్తోంది, పెట్టెలోంచి. తెర మీద ఎలుక రాయిలా ఉంది.

“అక్కా, నొక్కు! బిగుసుకుంది చూడు!”

ఆవిడ నొక్కింది. గంటసేపు ఏం నొక్కిందో, ఏం వదిలిందో ఆవిడకి తెలీదు. బయటికొచ్చి తిన్నగా తన గదికి పోయింది. తలుపేసుకుని, మధ్యలో నిలబడి వింది. డెబ్బై అయిదు బోన్లు. పొట్టు గీరే చప్పుడు, మేత కొరికే చప్పుడు, నీళ్ళ సీసాల గొట్టాలు టకటకలాడే చప్పుడు. మూడువందల ఎలుకలున్న గది వాన పడుతున్నట్టే ఉంటుంది. గడియారం మీట నొక్కి, ఏ బోను దగ్గరికీ పోకుండా, చేతులు కట్టుకుని రెండు నిమిషాలు ఆగింది.

కుయ్.

వాన ఆగిపోయింది. ఒక్కసారిగా, కుళాయి కట్టేసినట్టు. గీరుడు లేదు, కొరుకుడు లేదు. దగ్గరున్న బోనులోకి వంగి చూసింది. నాలుగు ఎలుకలు, నాలుగూ బొమ్మలు. ఎంత బుద్ధిగా, ఎంత మాలిమిగా! రోజూ చూస్తున్నదే. పనివాళ్ళని పిలిచి మరీ చూపించినదే.

ఆవిడ అక్కడే, పొట్టు బస్తా మీద కూలబడింది. ఏడవలేదు. ఏడ్చిందని రాస్తే కొందరికి బాగుంటుంది గాని, కూచుని తన చేతుల వంక చూసుకుందంతే, ఎవరివో అన్నట్టు.

సాయంత్రం ఇంటికి పోయింది. మెట్లెక్కుతూ రెండో అంతస్తు చేరేసరికి లిఫ్టు తలుపు లోపల్నించి దబదబా మోగింది. “అమ్మో! ఇరుక్కుపోయా! ఇరుక్కుపోయానే!” మొగుడు. పదకొండేళ్ళుగా, ఆవిడ మెట్ల మీద ఉండగా తను లిఫ్టులో పోతుంటే, రెండో అంతస్తు దగ్గర ఆయన చేసే వేళాకోళం అది. ప్రతిసారీ ఆవిడ రెయిలింగు పట్టుకుంటుంది, ఆయన పైన తలుపు తీసుకుని నవ్వుతాడు. ఈసారి కూడా రెయిలింగు పట్టుకుంది. కాకపోతే ఈసారి తన చెయ్యి రెయిలింగు పట్టుకోవడం తనే చూసింది.

పైకెళ్ళి ఆయన ఎదురుగా నిలబడింది.

“ఏవండీ, పదకొండేళ్ళయినా నాకు లిఫ్టు భయం పోలేదంటారుగా.”

“పోలేదుగా మరి.”

“పోనిచ్చారా?”

“అదేవిటే, సరదాకి...”

“రోజూ అదే చోట అదే చప్పుడు. మీకు సరదా. ఇంక పోవడం దాని తరం అవుతుందా?”

మొగుడు నవ్వబోయి ఆవిడ మొహం చూసి మానుకున్నాడు. ఆవిడ ఆయన్ని చూడటం లేదు కూడా. “నేను చేసిందీ అదే,” అంది, గోడతో చెప్పినట్టు. కాసేపటికి విషయమంతా చెప్పింది.

ఆయన తల గోక్కున్నాడు. “చెప్పావనుకో, ఆ పిల్ల మూడేళ్ళూ గంగలో కలిసినట్టే. నిన్నూ ఊరుకోరు. చెప్పకపోతే?”

“చెప్పకపోతే పేపర్లో వేసింది నిజమని మిగిలిపోతుంది.”

“పోతే పోనీ. ఎలుకలు వచ్చి అడుగుతాయా?”

“ఆ హెడ్డింగు మీరు రోజూ పొద్దున్నే నాకు చదివి వినిపిస్తారుగా,” అంది అక్క. “నేను వినాలిగా.”

సోమవారం చెప్పింది. సామాన్ల గదిలో, అన్నం డబ్బాలు తెరవకముందే. గడియారం విప్పి అమ్మాయి ఒళ్ళో పెట్టి, మీట నొక్కి, అది మోగేదాకా ఆగింది. మోగింది. అమ్మాయి నెత్తి మీది కళ్ళజోడు దించి పెట్టుకుంది, శబ్దాన్ని చూడాలన్నట్టు.

“ఇది... ఇది నా పెట్టె శబ్దంలా ఉంది.”

“అలాగే ఉంది.”

“ఎప్పట్నించి?”

“నువ్వొచ్చిన ఏడాది నించి. రోజూ. మోగగానే తోక పట్టుకుని ఎత్తేదాన్ని.”

అమ్మాయి గడియారాన్ని అటూ ఇటూ తిప్పి చూసింది. ఆ తరవాత అన్న మాట ఆ అమ్మాయిని ఇష్టపడేవాళ్ళకి నచ్చదు, కాని అంది. “ఎవరికైనా చెప్పావా అక్కా?”

“మా ఆయనకి.”

“ఇంకెవరికీ చెప్పకు. నెలాఖరుకి ఇచ్చేస్తున్నాను. ప్లీజ్. ఇవ్వనీ.”

“సరే, చెప్పను,” అంది అక్క. “నువ్వు చూసుకో చాలు. నా గదిలో నీ పెట్టె మొహం ఎరగనివి బోలెడున్నాయి. ఒక్క షాక్ తిననివి. వాటికి నీ శబ్దం వినిపించు. కదిలితే నాది పిచ్చి. కదలకపోతే నీ ఇష్టం.”

అక్కది పిచ్చే అవ్వాలని కోరుకుంటూ అమ్మాయి లేచింది. ఏ ప్రయోగంలోనూ లేని నల్లవి రెండు, గోధుమవి రెండు. ప్లాస్టిక్ డబ్బాలోనే తీసుకెళ్ళారు, అక్క తోక ముట్టుకోనంది. పెట్టెలో మొదటి నల్లది చక్కగా తిరిగింది, గోడలు వాసన చూసింది, మూతి తుడుచుకుంది. ఎన్నడూ ఆ పెట్టెలో దానికి ఏమీ జరగలేదు. అమ్మాయి శబ్దం వేసింది.

ఎలుక మూతి తుడుచుకుంటున్న చేతులు మూతి మీదే ఉండగా ఆగిపోయింది.

రెండోది అంతే. మూడోది, నాలుగోదీ అంతే. అవతలి గది నించి డబ్బా పెంచిన మగవాటిని నాలుగింటిని తెచ్చారు. శబ్దం వచ్చింది. అవి చెవులు తిప్పి, మళ్ళీ తవ్వుకోసాగాయి.

అమ్మాయి కుర్చీలో వెనక్కి వాలి, నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. “నేను వాటికి భయం నేర్పించాననుకున్నాను,” అంది చివరికి. “అవి నా దగ్గరికి నేర్చుకునే వచ్చాయి. నేను పెట్టెలో భయం వదిలిస్తుంటే, నువ్వు రోజూ పొద్దున్నే మళ్ళీ... అక్కా!”

“అను. తిట్టు.”

“తిట్టడానికి కూడా మాట దొరకట్లేదు.”

ఆ సాయంత్రమే అమ్మాయి తనంతట తనే వెళ్ళి ప్రొఫెసరుకి చెప్పింది. ఆయన మొదట నమ్మలేదు. వీడియో చూశాక నమ్మాడు. తరవాత చాలాసేపు సూపర్‌వైజరు అంటించిన కాగితం గురించి అరిచాడు, అరవడానికి అదొకటి దొరికింది గనక. పత్రికలో దిద్దుబాటు వేయమని ఉత్తరం రాశాడు. వాళ్ళు వేయలేదు. ఆడ ఎలుక కూడా మరవగలదేమో అన్నది వార్త కాదట. అక్కని కమిటీ ముందుకి పిలిచారు. గడియారం ఎందుకు కట్టుకున్నావని అడిగితే ఆవిడ గోడ మీది కాగితం చూపించింది. తోక పట్టి ఎత్తమని ఎవరు చెప్పారంటే, తనకి నేర్పినావిడ పేరు చెప్పింది. ఆవిడకి నేర్పినవాళ్ళు ఆ కమిటీలోనే కూచుని ఉన్నారు. ఆ విషయం అక్కడితో ముగించారు.

ప్రయోగం మొత్తం మళ్ళీ చేశారు. కొత్త ఎలుకలు, ఏడు నెలలు. రెండు గదుల్లోనూ డబ్బాలే, గడియారాలు లేవు. ఎలుకని డబ్బాలోకి రప్పించడం అక్కకి నేర్పింది ఎవరో చెప్పక్కర్లేదు.

“తొందరపడకు వదినా. పెళ్ళికూతురు ముస్తాబవ్వాలి.”

“నోర్మూసుకుని చూపించు.”

ఫలితం వచ్చిన రోజు అమ్మాయి గీతల కాగితం తెచ్చి అక్క ముందు పరిచింది. నల్లజాతిలో ఆడవాటి గీతా మగవాటి గీతా ఒకదాని మీద ఒకటి పడిపోయాయి, నాలుగో రోజుకి అన్నీ తేరుకున్నాయి. గోధుమ మగవీ తేరుకున్నాయి. గోధుమ ఆడవి మాత్రం ఈసారీ తేరుకోలేదు. ఆరో రోజున కూడా ఆ శబ్దానికి బిగుసుకున్నాయి.

అక్క ఆ గీత మీద వేలు పెట్టింది.

“ఇదీ నేనేనా?”

“కాదక్కా. ఈసారి నువ్వు లేవు. గడియారం లేదు, తోకా లేదు. ఇది వాటి పుట్టుకలోనే ఉంది. ఆ జాతిలో, ఆడవాటిలో. ఎందుకో నాకింకా తెలీదు.”

“నల్లవాటిది మాత్రం నేను.”

“అవును. నల్లవాటిది నువ్వు.”

ఎవరూ ఎవర్నీ ఓదార్చలేదు. పెద్ద మాటలకి అక్కడ చోటు లేదు. మూడేళ్ళ పనిలో ఒక ముక్క మిగిలింది, అది నిజం ముక్క. అమ్మాయి థీసిస్ ఏడాది ఆలస్యమైంది.

ఆ మర్నాడు పొద్దున్న అక్క ఒక నల్ల ఎలుకల బోను మూత తీసి డబ్బా వంచి పెట్టింది. మూడు లోపలికి నడిచాయి. నాలుగోది నడవలేదు. మూలకి పోయి కదలకుండా కూచుంది. అక్క చెయ్యి బోనులోనే ఉంచి, చూస్తూ నిలబడింది. ఎలుక ముక్కు కదిలింది. మీసాలు కదిలాయి. తాపీగా నడిచొచ్చి, ఆవిడ చూపుడువేలు వాసన చూసి, కసుక్కున కొరికింది.

“కరిచింది!”

డబ్బా వరండా దాటి పరుగెత్తుకొచ్చాడు. అక్క వేలు పైకెత్తి పట్టుకుని ఉంది, చేతి తొడుగులోంచి రక్తం చుక్కకడుతోంది. కళ్ళింతలు చేసుకుని ఆ చుక్కనే చూస్తోంది. వెనక బోనులో ఎలుక అప్పుడే ఆవిణ్ణి మర్చిపోయి పొట్టు తవ్వుతోంది.

“ఇంజెక్షన్‌కి పద వదినా, చూస్తావేం!”

“ఆగవయ్యా,” అంది అక్క. “ముందు ఆ కాట్ల పుస్తకం అందుకో.”